వేపమండల వెనక నుంచి నోటీసు

మా కంపెనీలో రాజీనామా రాసినవాళ్లు బోలెడుమంది. ఇచ్చినవాళ్లు మాత్రం తక్కువ. అందుకు కారణం మా సూపర్‌వైజరు శేషప్ప. ఆయన ఎవరినీ తిట్టడు, గొంతు పెంచడు. కాగితం పట్టుకుని వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, క్యాంటీన్ నుంచి కాఫీ తెప్పించి, ఇంట్లోవాళ్లందరినీ పేరుపేరునా అడిగి, వచ్చే సంవత్సరం నీకు మంచి జరగబోతోందని చెవిన వేస్తాడు. కాఫీ అయిపోయేసరికి కాగితం మళ్లీ మన చేతిలోనే ఉంటుంది. హోసూరు మొత్తంలో అంత తియ్యటి కాఫీ ఇంకెక్కడా దొరకదని మేము ఆడవాళ్లం నవ్వుకునేవాళ్లం.

ప్రతిభ ఆ కాఫీ రెండుసార్లు తాగింది.

ప్రతిభ మా పక్కింటి పిల్ల. ఇద్దరిదీ సూళగిరే. పొద్దున ఒకే బస్సులో హోసూరుకు పోయి, సాయంత్రం ఒకే బస్సులో నిలబడి తిరిగొచ్చేవాళ్లం. ఇంజన్ భాగాలు చేసే ఆ కంపెనీలో నేను ప్యాకింగులో, తను తనిఖీలో. పెట్టెకు మూత పడాలంటే చివరి మాట తనదే. మనిషి సన్నగా ఉంటుంది గానీ మాట మెత్తన కాదు. సామాను బాగాలేకపోతే ఎవరు ఎంత బతిమాలినా పక్కన పెట్టేస్తుంది. నాకు తనలో నచ్చేది అదే, ఒళ్లు మండేదీ అదే.

తను మానేయాలనుకున్నది కోపంతో కాదు. పోత పోసిన సామాన్ల అంచుల్లో పదునైన పిసర్లు మిగిలిపోతాయి. వాటిని రుద్ది నున్నగా చేసి ఇచ్చే చిన్న చిన్న షెడ్లు హైవే పొడుగునా పుట్టుకొస్తున్న కాలం, 2004. ప్రతిభ కూడా సూళగిరిలో ఒక రేకుల షెడ్డు చూసుకుంది. వేరే కంపెనీ ఒకటి పని ఇస్తామంది. కాకపోతే పాత కంపెనీ నుంచి పద్ధతిగా బయటికి వచ్చినట్టు కాగితం చూపించాలి, అదీ ఉగాదిలోపు. అలా రావాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు శేషప్ప తీసుకోవాలి. ఆయన తీసుకోకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ప్రతిభ మళ్లీ బస్సులో నిలబడాల్సిందే.

ఇంట్లో మునెమ్మత్త కూడా ఒప్పుకోలేదు. ప్రతిభ తల్లి ఆమె. జీవితమంతా కృష్ణగిరి వైపు మామిడితోటల్లో కూలి చేసి పిల్లను చదివించిన మనిషి. జ్వరం వచ్చిన పొద్దు కూలి రాని బతుకు ఆమెది. "పీఎఫ్ ఉండాది, ఈఎస్‌ఐ ఉండాది. అన్నీ వదిలేసి రేకుల కింద కూర్చుంటావా?" అని దినమూ అదే పాట. ప్రతిభ కంచం ముందు నుంచి లేచిపోయేది. ఆ తల్లీకూతుళ్ల మధ్య కూర్చుని అన్నం తినడమంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది.

మూడోసారి నోటీసు ఇద్దామని రాసి పెట్టుకుంది. తెల్లారేసరికి ఒళ్లంతా పొక్కులు. అమ్మోరు పోసింది.

మా వైపు అమ్మోరు పోసిన ఇంటికి కట్టుబాట్లు ఉంటాయి. వాకిట్లో వేపమండలు కడతారు. పొయ్యి మీద తాలింపు పెట్టరు. రాగి అంబలి, మజ్జిగ, అంతే. బయటివాళ్లు గడప దాటకూడదు. ఇంట్లోంచి ఏ వస్తువూ బయటికి ఇవ్వకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, పడుకున్న మనిషి ఏది అడిగినా కాదనకూడదు. పడుకున్నది మన పిల్లే అయినా పలికేది అమ్మోరేనని నమ్మకం. నాకు చిన్నప్పుడే పోసింది కాబట్టి నన్ను మాత్రం లోపలికి రానిచ్చేవాళ్లు. ఈఎస్‌ఐ డాక్టరు రాసిచ్చిన సెలవు చీటీ ఆసుపత్రి నుంచే పట్టుకుపోయి నేనే కంపెనీలో ఇచ్చాను.

వారం తిరక్కుండానే తనిఖీ గదిలో పని తలకిందులైంది. తన బదులు కూర్చున్నవాడు ప్రతి పెట్టెకూ సరే సరే అన్నాడు. కొన్నవాళ్లు ఆ పెట్టెలను లారీతో సహా వెనక్కి పంపించారు. శేషప్ప నన్ను పిలిచి, "వాళ్లిల్లు యాడ? చూపించు" అన్నాడు. కంపెనీ జీపులో సూళగిరికి వచ్చాము. దారంతా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. లోపల మాటలు పేర్చుకుంటున్నాడని నాకు అర్థమైంది.

ఆయనదీ ఈ పక్క ఊరే కాబట్టి పద్ధతులు తెలుసు. వేపమండలు చూడగానే చెప్పులు విప్పి గడప బయటే నిలబడ్డాడు. నేను లోపలికి పోయి ప్రతిభ మంచం పక్కన కూర్చున్నాను. తెరిచిన తలుపులోంచి ఒకరికొకరు కనిపిస్తూనే ఉన్నారు.

"ఏమ్మా ప్రతిభా, ఎప్పుడొస్తావు? లారీ వాపసు వచ్చేసింది. పెట్టెలన్నీ అట్లే పడుండాయి."

"నీళ్లు పోసుకోగానే వస్తాను సార్," అంది ప్రతిభ. గొంతు బొంగురుగా ఉంది గానీ వణుకు లేదు. "వచ్చి నోటీసు నెల పనిచేసి మానుకుంటాను. నోటీసు ఈడనే ఉండాది. తీసుకోండి."

తలగడ కింద నుంచి కాగితం తీసి నా చేతికిచ్చింది. దాన్ని చేటలో వేసి తీసుకుపోయి గడప దగ్గర పెట్టాను. శేషప్ప దాని వైపు చూడనైనా చూడలేదు.

"సిక్ లీవులో ఉన్నప్పుడు నోటీసు చెల్లదమ్మా."

"చెల్లదని యాడుంది సార్? రూల్సు బోర్డు టైం ఆఫీసు పక్కనే ఉండాది. దాని కిందనే గదా మేము అన్నం తినేది. అట్ల ఒక్క ముక్క లేదు."

పాపం, ఆయన తడబడ్డాడు. కుర్చీ లేదు, కాఫీ లేదు, గొంతు పెంచే వీల్లేదు. అయినా శేషప్ప శేషప్పే. చేతులు జోడించాడు.

"అమ్మోరు ఉండే ఇంట్లోనుంచి ఏదీ బయటికి తీసుకోకూడదు గదమ్మా. నాకూ పిల్లలుండారు. నువ్వు నిమ్మళంగా లేచి రా, ఆఫీసులో మాట్లాడుకుందాము." అని గడప లోపల నిలబడ్డ మునెమ్మత్త వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పమ్మా. నీకు తెలీని పద్ధతులా?"

ఇక అయిపోయిందనుకున్నాను. దినమూ ఈ ఉద్యోగం కోసం కూతురితో పోట్లాడే మనిషి. ఇంతకంటే మంచి అవకాశం ఆమెకు మళ్లీ దొరకదు. చేటను వెనక్కి తీసుకొమ్మంటుందని నేను చెయ్యి చాపాను కూడా.

మునెమ్మత్త వంగి చేటను చేతిలోకి తీసుకుంది.

"నిజమే శేషప్పా. ఈ ఇంట్లోనుంచి ఏదీ బయటికి ఇయ్యము. కానీ పండుకున్నది అడిగితే కాదనకూడదు. అది ముందు. చెయ్యి చాపు."

ఆయన చెయ్యి చాపాడు. చాపక ఏం చేస్తాడు?

"సార్," అంది లోపల నుంచి ప్రతిభ, "దాని కింద ఇంకో కాపీ ఉండాది. ముట్టినట్టు దాంట్లో సంతకం పెట్టండి."

"పెన్ను..."

"మీ జేబులో ఉండాది గదా సార్."

నాకు నవ్వాగలేదు. అమ్మోరున్న ఇంట్లో నవ్వొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు కాబట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. శేషప్ప గోడకు ఆనించి సంతకం పెట్టి, జీపెక్కి వెళ్లిపోయాడు.

అమ్మోరు దిగి, మూడో నీళ్లు పోసుకున్నాక ప్రతిభ పనికి వచ్చింది. మొదటి రోజే పిలుపు, కుర్చీ, కాఫీ. నోటీసు బల్ల మీద ఇటువైపు జరిపి, "ఆ పొద్దు అడిగింది అమ్మోరు గదమ్మా. ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నాడట. ప్రతిభ కాఫీ చివరి చుక్కదాకా తాగి, "ఆ పొద్దూ నేనే సార్. ఈ పొద్దూ అదే మాట" అని లేచి వచ్చేసింది. నెలంతా ఒక్క పెట్టె కూడా వాపసు రాకుండా పనిచేసింది. ఉగాదికి రెండు రోజుల ముందు చేతిలో కాగితంతో బయటపడింది.

షెడ్డు మొదలుపెట్టింది. నేనూ కొన్నాళ్లకు ఆ కాఫీ తాగకుండానే వచ్చి అందులో చేరాను. మధ్యాహ్నం మునెమ్మత్త సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి ఇద్దరికీ పెట్టేది. ఒక పొద్దు తింటూ తింటూ ప్రతిభ అడిగింది.

"వొద్దు వొద్దని నా పానం తీసింది నువ్వే గదమ్మా. ఆ పొద్దు అట్ల యాల అంటివి? నిజంగా అమ్మోరే అడిగిందనుకున్నావా?"

"అమ్మోరికి నీ కంపెనీతో ఏం పనే? అడిగింది నువ్వని నాకు తెలీదా?" మునెమ్మత్త గిన్నెలోకి ఇంకో ముద్ద వేసింది. "లారీ అన్నాడు, పెట్టెలన్నాడు. ఒళ్లంతా పొక్కులతో పండుకున్న బిడ్డను ఎట్లుండావని ఒక్క మాట అడగలే. నేను జొరంతో పండుకున్నప్పుడు తోటాయన కూడా అట్లే వాకిట్లో నిలబడి, ఎప్పుడొస్తావని అడిగినాడు. నేను జొరంతోనే లేచి పనికి పోయినాను."

చెంబులో నీళ్లు వంచుతూ అంది: "నువ్వు అట్ల పోకూడదనుకున్నాను."