గిటారు పట్టిన చేయి

సినిమాలో ఒక మనిషి ఒక పని చేసినట్టు కనిపిస్తే, చేసింది ఆ మనిషేనని మీరు ఎట్లా నమ్ముతారు?

నేను నమ్మను. నాయన మీద ప్రేమతో చెప్పే మాట కాదిది. ఆయనతో ఊహ తెలిసినప్పటి నుంచీ వాదిస్తూనే ఉన్నాను. ఆయన మా ఊళ్లో చెక్కభజన గురువు. తాళం వేసే చెక్క కిందపడితే తీసి కళ్లకద్దుకుంటాడు. కొయ్యముక్కలో దేవుడేమిటని నేను, నోరు మూసుకోమని ఆయన.

నిరుడు ఎండాకాలం పామిడి దగ్గర, పెన్న ఇసుకలో సినిమావాళ్లు స్టేజి కట్టారు. రాక్ కచేరీలను ఎగతాళి చేసే కామెడీ అట. జనంగా ఉండటానికి మా ఊరివాళ్లను పిలిచారు. కచేరీ అనగానే మావాళ్లు చెప్పులు వరసగా విడిచి, ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. లేచి గంతులేయమని డైరెక్టరు మైకులో ఎంత మొత్తుకున్నా, ముందు పాట మొదలుపెట్టమన్నట్టు చూశారు.

హీరో విగ్గు ఫ్యాను గాలికి ఎగిరిపోయింది. డ్రమ్ముల మీద బోర్లా పడ్డాడు. అందరం నవ్వాం. తర్వాత అతను లేచి, గిటారును నేలకేసి కొట్టడానికి పైకెత్తాడు. అది కథలో ఉన్నదే. నాయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన స్టేజి ఎక్కి గిటారు పట్టుకున్నాడు.

"అన్నం పెట్టేదాన్ని నేలకేసి కొడతాండావేమప్పా? పాడేది రాకుంటే దిగు."

గిటారు లాక్కుని కళ్లకద్దుకున్నాడు. డైరెక్టరు తిడతాడనుకున్నాను. నవ్వాడు. నాయన భుజం మీది ఎర్ర తువ్వాలు ఒక్కపూట ఇవ్వమన్నాడు. ఎందుకని అడిగితే సీను కోసమన్నాడు. మరునాడు దాన్ని ఉతికి, మడతపెట్టి పంపారు. దాన్ని ఇంకెవరు వేసుకున్నారోనని నా అనుమానం అప్పుడే పుట్టింది.

తాడిపత్రిలో సినిమా చూశాం. తెర మీద నాయన స్టేజి ఎక్కాడు, గిటారు పట్టుకున్నాడు. మరుక్షణం ఎర్ర తువ్వాలు వేసుకున్న ఒక వీపు, పైకి లేచిన రెండు చేతులు. గిటారు హీరో నెత్తిన పడి ముక్కలైంది. హాలంతా పడిపడి నవ్వింది. కళ్లకద్దుకున్నది ఎక్కడా లేదు.

ఆ శనివారం భజనలో, షూటింగుకు రానివాళ్లెవరో, గురువు వస్తాండాడు చెక్కలు దాచిపెట్టండప్పా అన్నారట. నాయన వెనక్కి వచ్చేశాడు. మళ్లీ పోలేదు. ఒకరోజు నేను రాసుకునే బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దేవుడు లేడని రాస్తావు గదా పాపా, రాసుకో. నేను పగలగొట్టలేదని కూడా రాయి."

జీవితంలో మొదటిసారి ఆయన నన్ను రాయమని అడిగాడు. నేను కళ్లారా చూసిందే అయినా, రుజువు లేకుండా రాయడం నాకు చేతకాదు. మళ్లీ పోయి సినిమా చూశాను. గిటారు ఎత్తిన చేతికి గడియారం ఉంది. నాయన జన్మలో గడియారం కట్టలేదు.

ఆ సినిమా ఇప్పుడు ఫోన్లలోకి వచ్చింది. చూడండి, నవ్వు వస్తే నవ్వండి. కానీ గిటారు పైకి లేచిన చోట ఆపి, ఆ మణికట్టు చూడండి. మీ పక్కన నవ్వుతున్నవాళ్లకు కూడా చూపించండి.