కోరమండల్ లైనింట్లో కామకస్తూరి

మా ఇంట్లో ఏ కూరకైనా పేరు మా అత్తదే. తరిగింది నేనైనా, పోపు పెట్టింది నేనైనా, తిన్నవాళ్లు "అత్త చెయ్యే చెయ్యి" అంటూ లేస్తారు. పెళ్లయి పన్నెండేళ్లయింది. నా వంట బాగాలేదని ఎవరూ అనలేదు, బాగుందని కూడా అనలేదు. ఆ రెండోదే నాకు మండేది. ఈ ఇంట్లో ఒక్క వంటకమైనా నా పేరు మీద నిలబడాలని పట్టుబట్టాను. పొగరనుకుంటే అనుకోండి.

కోలారు బంగారు గనుల పక్క కోరమండల్లో మాది పాత గని కార్మికులకు వరసగా కట్టిన లైనిల్లు. మామగారి నాన్న చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చినప్పటిది. గని మూతపడింది, ఇల్లు మిగిలింది. వెనకాల చాపంత పెరడు. గాలికాలం వస్తే బంగారం తీసేశాక పారబోసిన సైనైడ్ దిబ్బల మీది బూడిదరంగు దుమ్ము తిన్నగా అక్కడికే వచ్చి కూర్చుంటుంది. ఆ నేలలో ఏదీ బతకదని అందరూ తేల్చేశారు. నేను తేల్చలేదు. బేతమంగళ దగ్గరి మా పుట్టింటి నుంచి చెరువు మట్టిని ఎరువుల సంచిలో కట్టుకుని బస్సెక్కాను.

కండక్టరు సంచి విప్పి చూసి, "ఏమమ్మా, పుట్టింటోళ్లు మన్ను పెట్టి పంపించినారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది.

"బంగారమైతే మా ఊర్లోనే ఉండాదప్పా. లేనిది ఇదే" అన్నాను. మళ్లీ నవ్వారు, ఈసారి నా వైపు చేరి.

పగిలిన నీళ్ల డ్రమ్మును అడ్డంగా కోయించి, ఆ మట్టి నింపి, అమ్మ ఇచ్చిన కామకస్తూరి నారు నాటాను. సబ్జా గింజలిచ్చే మొక్కే అది. మా వైపు దాని రెమ్మలను కనకాంబరాలతో కలిపి మాల కడతారు, అంతకుమించి దాని జోలికి పోరు. పూత కంకి కనిపించినప్పుడల్లా గిల్లేశాను. గిల్లేకొద్దీ గుబురుగా పెరిగింది. దిబ్బల దుమ్ము పడితే పొద్దున్నే చెంబెడు నీళ్లతో ఆకులు కడిగేదాన్ని. పక్కింటివాళ్లు గోడ మీదుగా వంగి వాసన చూసి వెళ్తుంటే నాకు ఒళ్లు పొంగిపోయేది.

ఒకరోజు ఫోన్లో ఎవరో విదేశీయుడు అదే ఆకును పప్పులతో, నూనెతో రోట్లో నూరి తినడం చూశాను. ఏదో బేసిల్ అన్నాడు గానీ, ఆకును నేను గుర్తుపట్టనా? ఆ మాట అత్తకు చెప్పాను.

"తలలో పెట్టుకొనేదాన్ని కూట్లో పెడతావా? నీకేమన్నా పిచ్చా?" అంది.

ఆ రోషంలోనే వండాను, తప్పూ అందులోనే చేశాను. మా కోలారు వైపు ఏ ఆకు చేతికొచ్చినా బస్సారే. ఆకును పప్పుతో ఉడికించి, నీళ్లు వంచి చారు చేసుకుంటాం, మిగిలిన ఆకును తాలింపు వేసుకుంటాం. నేనూ రెండు దోసిళ్ల కామకస్తూరిని కందిపప్పుతో పాటు ఉడకబెట్టాను. ఆకు నల్లబడింది. చారు దగ్గు మందులా తయారైంది. మా ఆయన నీళ్లు తాగి మింగాడు. అత్త తిట్టివుంటే నేనూ ఒక మాట అనేదాన్ని. ఆమె లేచి వెళ్లి ఊరగాయ జాడీ తెచ్చి కొడుకు పక్కన పెట్టింది. నా ప్రాణం చచ్చినట్లయింది.

రెండు రోజులు ఆ మొక్క వైపు చూడలేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, ఇది ఉడకాల్సిన ఆకు కాదు. దీనికున్నదంతా వాసనే, పొయ్యి మొదట దాన్నే తినేస్తుంది.

తర్వాతి ఆదివారం మాలూరు నుంచి అత్త చెల్లెలు రైల్లో వచ్చింది. అత్త కోడిపులుసు పెట్టింది. నేను వేయించిన వేరుశనగపప్పు, నూనెలో మగ్గిన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, కాస్త చింతపండు రోట్లో నూరాను. చివర్లో పచ్చి ఆకు వేసి నాలుగు పోట్లు, అంతే. వేడి రాగిసంగటి పక్కన అందరికీ తలా కొంచెం పెట్టాను. అత్త దాన్ని చూసింది, నన్ను చూసింది.

చిన్నత్త అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు పెద్దవి చేసింది. "అక్కా, ఇది యాడ నేర్చుకుంటివి? ఏం చేసినా నీ చెయ్యే చెయ్యి!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇదీ పోయిందా అనుకున్నాను. ఇంటికొచ్చిన మనిషని కూడా చూడకుండా నోరు తెరవబోయాను. అంతలో అత్తే అంది, "నాది కాదు. నేను వద్దంటి. మా కోడలు చేసింది."

అని ఇంకో ముద్ద అద్దుకుని తింది. పచ్చడి అయిపోయిన చోట వేలితో తుడిచింది. తర్వాత తను తింటున్న తట్ట నా వైపు జరిపి, "ఇంగ కొంచెం ఎయ్ అమ్మా" అంది.

పన్నెండేళ్లలో ఆమె నన్ను మారు అడగడం అదే మొదలు. గిన్నెలో ఉన్నదంతా ఆమె తట్టలోనే వంచేశాను. చిన్నత్త కోసం మళ్లీ రోటి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.