గీతకు ఒదగని చుక్క

మాచర్ల వైపు ఓ మంచినీళ్ళ సరఫరా ఆఫీసులో నేను పనిచేసే రోజుల్లో మాకొక ఇంజనీరు సారు ఉండేవారు. ఆయన పేరు చెబితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఉమ్మితో తడిసిన బొటనవేలు.

ఎండలు ముదరకముందే ఆయన గ్రాఫు కాగితం బల్ల మీద పరిచేవారు. ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయి, కిందటి వేసవిలో ఎన్ని నీళ్ళ ట్యాంకర్లు కావాల్సి వచ్చాయి అన్నదాన్ని బట్టి ఊరికో చుక్క చొప్పున నేను పెన్సిలుతో పెట్టేవాణ్ణి. చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయేలా ఆయన ఓ గీత గీసేవారు. రాబోయే వేసవికి ఏ ఊరికి ఎన్ని ట్యాంకర్లో ఆ గీతే చెప్పేది.

ఆ ఏడు క్వారీ కూలీల కాలనీ చుక్క ఒక్కటే గీతకు చాలా పైన పడింది. కిందటి వేసవిలో అక్కడ బోర్లన్నీ ఎండిపోయి, ఇళ్ళ లెక్కకు మించి ట్యాంకర్లు కావాల్సి వచ్చాయి మరి. సారు బొటనవేలు నాలిక మీద అద్దుకుని ఆ చుక్కను రుద్దేశారు.

"ఇదొక్కటే గీతను పాడుచేస్తంది. ఇప్పుడు చూడు, ఎంత చక్కగా కుదిరిందో!"

కాగితం మీద ఓ తడి మరక మిగిలింది. ఆ గీత ప్రకారమే ట్యాంకర్ల జాబితా రాసిపెట్టాను నేను.

మే నెలలో ఆ కాలనీ నుంచి ఒకామె పచ్చటి నీళ్ళ సీసా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"ట్యాంకరు చాలక క్వారీ గుంటలో నీళ్ళు తాగుతున్నాం సారూ. పిల్లలు వాంతులతో ఆస్పత్రిలో పడున్నారు."

"లెక్క ప్రకారం మీకు సరిపోవాలే అమ్మా!"

"ఏంది సరిపోయేది? నువ్వో గుక్క తాగి చెప్పు."

సారు ముక్కు మూసుకుని, "ఒరేయ్, ముందు ఇది తీసెయ్" అన్నారు నాతో.

ఆమె చూస్తుండగానే ఆ సీసా బయటికి తీసుకెళ్ళి పారబోసింది నేనే.