నేను తీసేసిన రెండు మాటలు

బిందె సగం నిండేసరికి వాసన వచ్చింది. మురుగు వాసన అని వెంటనే అనుకోలేదు. తడిసి మాగిన గోనెసంచి దగ్గర వచ్చేలాంటి వాసన. వంగి మళ్ళీ పీల్చాను. కుళాయి కట్టేశాను. లోపలి నుంచి మా అత్తయ్య పాప పాలసీసా కడగడానికి చెంబు పట్టుకుని వచ్చింది. ఆ ఖాళీ చెంబు చూడగానే నాకు భయం వేసింది. అప్పుడు ఉదయం ఆరున్నర. నాకు తెలియదు అని చెప్పుకోవడానికి వీల్లేకుండా ఈ సంగతి ముందే రాస్తున్నాను.

ఇది జరిగి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా ఒక్క వాక్యాన్ని మోస్తున్నాను. ఐదు మాటలున్న వాక్యం. నేనే రాశాను. మా ఆయనకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. పిల్లలు పడుకున్నాక వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే రాయలేనేమో.

మాది విజయనగరం వైపు. పెళ్లయ్యాక సికింద్రాబాద్ వచ్చాం. చిలకలగూడలో ఒక సందులో పైవాటా అద్దెకి తీసుకున్నాం. కింది వాటాలో ఇంటావిడ సరోజక్క ఉంటుంది. ఆవిడ భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూనే పోయారు. ఒక్కతే కూతురు, లావణ్య. నేను చెప్పే రోజుకి లావణ్య ఏడో నెల కడుపుతో, మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చి వారం అయింది. మా పాప హాసినికి అప్పుడు ఏడాదిన్నర.

నేను ఒక తెలుగు వార్తా ఛానల్లో పనిచేసేదాన్ని. టీవీ తెర అడుగున అక్షరాలు పరుగెత్తుతూ ఉంటాయి కదా, స్క్రోల్ అంటాం, వాటిని టైపు చేయడం నా పని. గొప్ప ఉద్యోగం ఏమీ కాదు. తెర మీద మనిషి కనపడదు, పేరు కనపడదు. వచ్చిన సమాచారాన్ని ఏడెనిమిది మాటలకు కుదించాలి. అంతకన్నా పొడుగైతే ఇంటి దగ్గర కూర్చుని చూసేవాళ్లు చదవరని మా ఇన్‌చార్జి గారి నమ్మకం. కుదించడంలో నాకు మంచి పేరుండేది. ఎంత పెద్ద ప్రకటన ఇచ్చినా నిమిషంలో ఒక్క వరస చేసి ఇచ్చేదాన్ని. అందుకు గర్వపడేదాన్ని కూడా.

ఆ రోజు మధ్యాహ్నం చిలకలగూడ నీళ్ల గురించి అధికారుల నుంచి ఒక నోటు వచ్చింది. అప్పటికే పక్క సందులో కొందరికి వాంతులు పట్టుకున్నాయని మా రిపోర్టర్ చెప్పి ఉన్నాడు. నోటు నా ముందుకి వచ్చింది. అందులో ఉన్నది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ప్రాథమిక పరీక్షల్లో నీరు కలుషితమైనట్టు తేలలేదు. తుది ఫలితాలు ఇంకా రావాలి. అప్పటివరకూ కాచి తాగడం మంచిది. ప్రజలు వదంతులు నమ్మవద్దు.

నేను టైపు చేసింది ఇది: చిలకలగూడలో తాగునీరు సురక్షితం, వదంతులు నమ్మవద్దు.

చూశారా? ఆ నోటు రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. గోడ మీద పిల్లిలా రాసి ఉండవచ్చు, కానీ కాచి తాగమన్నారు. మా ఇన్‌చార్జి గారు అబద్ధం చెప్పమనలేదు. "నోటు వచ్చింది, వేసెయ్యమ్మా" అన్నారు, అంతే. అబద్ధం పుట్టింది నా చేతిలో. ప్రాథమికం తీసేశాను. తుది ఫలితాలు తీసేశాను. కాచి తాగండి అన్న రెండు మాటలు తీసేశాను. చివర అధికారులు తెలిపారు అని ఉండాలి. అదీ తీసేశాను. అలా అది ఎవరూ చెప్పని, అందరూ నమ్మాల్సిన మాట అయిపోయింది.

చోటు లేక తీసేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఒక రోజు వేళ్లు మడిచి లెక్కపెట్టాను. చిలకలగూడలో నీళ్లు కాచి తాగండి. నాలుగే మాటలు. చోటు ఉంది. మరి ఎందుకు రాయలేదు? నీళ్లు బాగా లేవని వేయాలంటే రిపోర్టర్‌కి ఫోన్ చేయాలి, ఇన్‌చార్జి గారిని ఒప్పించాలి, ఎవరన్నారు, ఎలా అన్నారు అని పది ప్రశ్నలకు జవాబు చెప్పాలి. బాగున్నాయి అని వేయడానికి ఎవరూ ఏమీ అడగరు. నాకు ఆ రోజు తొందరగా ఇంటికి వెళ్లాలని ఉంది. ఎందుకో తెలుసా? పొద్దున హడావిడిలో అత్తయ్యకి చెప్పకుండానే వచ్చేశాను, పాపకి ఆ నీళ్లు పట్టేశారేమోనని భయం. ఆ లైను టైపు చేయడానికి ముందే మెట్ల దగ్గరికి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్యా, కుళాయి నీళ్లు ముట్టుకోకండి, మూల షాపాయనకి చెప్పి నీళ్ల క్యాన్ తెప్పించండి అన్నాను. తర్వాత వచ్చి కూర్చుని, ఊరందరికీ సురక్షితం అని కొట్టాను. ఒకే మనిషి. మధ్యలో పది నిమిషాలు కూడా లేవు.

సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి షాపాయన తెచ్చిన క్యాన్ ఇంకా గేటు దగ్గరే ఉంది. దాన్ని మెట్లెక్కించడానికి చీర కుచ్చిళ్లు దోపుకుంటున్నాను. సరోజక్క బయటికి వచ్చింది.

"ఏమమ్మా విజయనగరం మేడం, మన చిలకలగూడ టీవీల ఉరుకుతుంది గద! మధ్యాహ్నం సంది చూస్తున్న. నీళ్లు మంచిగున్నయంట."

"అవునక్కా."

"జెర వాసన కొడుతుంది గని మరి. లావణ్య తాగనంటుంది. నీకెందుకే నక్రాలు, టీవీల సుత చెప్పిండ్రు అంటున్న నేను. గా లైను నువ్వే రాసినవా ఏంది?"

"నేనే రాశాను."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే ఇగ ఫికర్ లేదు పో. మనింటి పిల్లనే రాసినంక!" లోపలికి తిరిగి కేకేసింది. "విన్నవా లావణ్యా? పైన అక్కనే రాసిందంట. తాగు మంచిగ!"

తర్వాత క్యాన్ కేసి చూసింది. "మరి గిదేంది?"

"పాపకి జలుబక్కా. డాక్టర్ చెప్పారు."

పాపకి జలుబు లేదు.

ఆ క్షణంలో ఒక్క మాట అంటే సరిపోయేది. అక్కా, కాచి ఇవ్వు. ఎవరికీ తెలిసేది కాదు, నా ఉద్యోగం పోయేది కాదు. మరి నోరు ఎందుకు రాలేదు? నేనే రాశాను అన్నప్పుడు ఆవిడ మొహం అలా వెలిగింది. దాన్ని ఆర్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంతకన్నా మంచి కారణం వెతికాను. దొరకలేదు.

ఐదు వారాల తర్వాత లావణ్య కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. ఎవరో చెబితే రెండు రోజులు పసరు మందు తాగించారు. తర్వాత ఆస్పత్రి. డాక్టరమ్మ మొదట అడిగిన మాట, నీళ్లు ఎక్కడివి తాగారని. లావణ్య దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. యాప్రాల్ నుంచి వచ్చిన లావణ్య అత్తగారు ఆస్పత్రి వరండాలో అందరి ముందూ సరోజక్కని నిలదీసింది. కన్నతల్లివి, నీళ్లు కాచి ఇయ్యరాదా అని. నేను సరోజక్క పక్కనే, ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. తప్పు ఆవిడది కాదని నేను చెప్పలేదు.

ఆ నీళ్ల వల్లే అని ఎవరూ రుజువు చేయలేదు. తుది ఫలితాలు వచ్చాయో లేదో మా ఛానల్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. రుజువు కాలేదు కదా అన్న మాట వెనక చాలా ఏళ్లు దాక్కున్నాను. మా రెండోవాడు నందు కడుపులో పడ్డాక ఉద్యోగం మానేశాను. ఆరోగ్యం బాగాలేదని చెప్పాను.

లావణ్య మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదు. అత్తవారు పంపలేదు. యాప్రాల్ ఎంత దూరం? ఒక బస్సు దూరం.

సరోజక్క టీవీ వైరు పీకేసింది. పేపరు మాన్పించింది. ఫోన్లో వచ్చే వీడియోలు మాత్రం చూస్తుంది. ఉప్పులో ఏదో కలుపుతున్నారంటుంది. వానలు కూడా ఎవరో కురిపిస్తున్నారంటుంది. అధికారులు ఔనంటే కాదంటుంది, కాదంటే ఔనంటుంది. మా ఆయన ఆవిడకి తిక్క అంటారు. ఆయన అన్నప్పుడల్లా నేనూ నవ్వాను. ఆ నవ్వు కూడా ఒప్పుకోవాలి. చదువు లేక ఇలా అవుతారు అని నాతో ఎవరైనా అంటే తల ఊపాను. ఆవిడ ఒకప్పుడు టీవీని నమ్మింది, నన్ను నమ్మింది, నమ్మి కూతురి చేత తాగించింది. ఆ తర్వాత ఆవిడ ఎవర్ని నమ్మాలని నేను అనుకున్నాను?

ఆరేళ్ల కిందటిలాగే పైపుల కోసం ఈ వారం మా సందు మళ్ళీ తవ్వారు. మళ్ళీ అదే వాసన. ఈసారి టీవీలో వచ్చింది, మైకు పెట్టుకుని ఆటో కూడా తిరిగింది, నీళ్లు కాచి తాగమని. సరోజక్క గేటు దగ్గర నిలబడి నలుగురికీ చెబుతోంది. "గప్పుడు మంచిగున్నయన్నరు, నా బిడ్డ ఆగమైంది. ఇప్పుడు మంచిగ లేవంటున్నరు. అంటే మంచిగున్నట్టే! అంత క్యాన్లు అమ్ముకునేటోళ్ల దందా. నేనైతే కాచ." ఎదురింటి ఇద్దరు ఔనంటే ఔనన్నారు. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ విన్నాను. లోపలికి వెళ్లిపోయాను.

నిన్న సాయంత్రం మా నందు, నాలుగేళ్లవాడు, కింద ఆడుకుని తడి మూతితో పైకి వచ్చాడు. "పెద్దమ్మ నీళ్లిచ్చింది" అన్నాడు. సరోజక్కని పిల్లలు అలాగే పిలుస్తారు. కుళాయి నీళ్లా, కాచినవా? వాడికేం తెలుసు. వాడి మూతి తుడిచాను. ఆరేళ్ల కింద ఖాళీ చెంబు చూసినప్పుడు వేసిన భయమే మళ్ళీ వేసింది. అప్పుడు నా పిల్లని దాచుకున్నాను, పక్కవాళ్ల పిల్లని వదిలేశాను. ఇప్పుడు ఆ నీళ్లు తిరిగి నా ఇంటికే వచ్చాయి. భయం నా గడపలోకి వచ్చాకే నా కాళ్లు కదిలాయి. దాన్ని ధైర్యం అనకండి.

కిందికి వెళ్లాను. సరోజక్క చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నిలబడే చెప్పాను. నోటు, దాంట్లో కాచి తాగమని ఉండటం, నేను దాన్ని తీసేయడం, ఇంటికి చేసిన ఫోను. అన్నీ చెప్పాను. ఆవిడ ఈనెలు తీయడం ఆపలేదు.

"గా డబ్బా జలుబుకు గాదు గద" అంది చివరికి.

"కాదక్కా."

"నాకెర్కనే." చిక్కుడుకాయ రెండుగా తుంచింది. "దవఖానల కూసున్నప్పుడే సమజైంది. మంచిగున్నయని రాసినామె, కొనుక్కొచ్చిన నీళ్లు మెట్లెక్కిచ్చింది. గప్పటిసంది ఎవడేం చెప్పినా వాడి చేతిల ఏమున్నదో చూస్తున్న."

ఆరేళ్లు. ఆరేళ్లుగా తెలిసి కూడా నా పిల్లల్ని ఎత్తుకుంది. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

"అక్కా, ఈసారి నిజంగానే నీళ్లు బాగాలేవు" అన్నాను.

"గిది సుత నువ్వే చెప్తున్నవు. ఏది నమ్మాలె నేను?"

క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు. అడిగితే ఆవిడ మీద ఇంకో బరువు పెట్టినట్టు. ఆవిడే అంది. "నువ్వు కాచిన నీళ్లు తెచ్చియ్యి. నా ముంగట ముందుగాల నువ్వు తాగు. నీ పిల్లలు తాగాలె. గప్పుడు చూస్త." చిక్కుళ్ల పళ్లెం తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

లావణ్యకి చెప్పాలి. ఆ అత్తగారికి చెప్పాలి, సరోజక్క తప్పు కాదని. యాప్రాల్ వెళ్లాలి. అవన్నీ మిగిలే ఉన్నాయి. మీకు రాయడం వాటికి బదులు కాదని నాకు తెలుసు. కానీ కుదించకుండా, ఏ మాటా తీసేయకుండా మొత్తం రాసింది ఇదే మొదటిసారి. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఈ ఉదయం పెద్ద గిన్నెతో నీళ్లు కాచి, చల్లార్చి, స్టీలు బిందెలో పోసి కిందికి దించాను. వెనకే హాసిని, నందు. సరోజక్క గడపలో నిలబడి చూస్తోంది. నేను గ్లాసు ముంచి తాగాను. నందుకి పట్టాను. హాసిని గ్లాసు తీసుకుని, తాగకుండా నా మొహం చూసింది. "మన నీళ్లే కదా మమ్మీ, నువ్వెందుకు ముందు తాగి చూపిస్తున్నావు?"

సరోజక్క వింటోంది. గొంతు తగ్గించాలనిపించింది. తగ్గించలేదు.

"ఒకసారి నీళ్లు బాగున్నాయని పెద్దమ్మకి అబద్ధం చెప్పాను. బాగా లేవని నాకు తెలుసు. నీకు మాత్రం వేరే నీళ్లు పట్టాను. అందుకే ఇకనుంచి రోజూ నేనే ముందు తాగుతాను" అని చెప్పాను.