ఏడాది నడకకు బూట్లు

భర్త దశరథం పోయిన తొమ్మిదో రోజు, శోభ నన్ను వెంటబెట్టుకుని శంషాబాద్ బజారుకు బూట్లు కొనడానికి వచ్చింది. బూట్లు ఆ పోయినాయనకే.

మతి తప్పిందనుకోకండి. ముందు నేనూ అదే అనుకున్నాను.

పాల్మాకులలో వాళ్ల ఇంటి మేడ మీద గదిలో నేను ఆరేళ్లుగా కిరాయికి ఉంటున్నాను, జాకెట్లు కుట్టుకుంటూ. దశరథం ఎయిర్‌పోర్టులో విమానాల కడుపులోకి పెట్టెలు ఎక్కించేవాడు. ఎండాకాలం అక్కడి సిమెంటు నేల పెనంలా కాలుతుంది. కంపెనీ ఇచ్చిన ఇనుప ముక్కు బూట్లే వేసుకోవాలి, వేరేవి వేసుకుంటే గేటు దగ్గరే ఆపేస్తారు. పైగా ఆయనవి చెమట కాళ్లు. చలికాలంలోనూ తడి ఆరేవి కావు. డ్యూటీ దిగి వచ్చి సాక్సులు పిండితే నీళ్లు కారేవి. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని ఊడొచ్చేది. ఆ బూట్లు మెట్ల కింద విడిచేవాడు, వాసన తిన్నగా నా గదికి వచ్చేది. వాటిని కాస్త దూరం పెట్టించమని శోభతో అన్నది నేనే. ఆ తర్వాత ఆయన నా కంట పడకుండా కాళ్లు కడుక్కుని లోపలికి పోయేవాడు. నా నోటికి అప్పుడు ఏం తెగులో.

కొండలెక్కడానికి పోయే ప్రయాణికుల సంచులకు జాలీ బూట్లు కట్టి ఉంటాయట. అలాంటివి వేసుకుంటే కాళ్లకు గాలి ఆడుతుందని ఆయన రెండు మూడుసార్లు అన్నాడు. ఊళ్లో తిరిగేవాడికి కొండలెక్కే బూట్లెందుకని శోభ నవ్వి ఊరుకుంది. అంతే, ఆ మాట అక్కడితో అయిపోయింది. ఏప్రిల్‌లో ఒకరోజు పని నుంచి వచ్చి నడుం వాల్చి మంచినీళ్లు అడిగాడు. ఆమె చెంబుతో వచ్చేసరికి మనిషి లేడు.

శోభ విమానాల్లో ఇచ్చే భోజనం ట్రేలు సర్దే వంటశాలలో పనిచేస్తుంది. ఇక్కడ చెంచా, ఇక్కడ ఉప్పు పొట్లం, ఇక్కడ కాగితం రుమాలు. ఆ తొమ్మిది రోజులూ అలాగే ఉంది. కూర్చోమంటే కూర్చుంది, లేవమంటే లేచింది. ఆడవాళ్లు మీద పడి ఏడుస్తుంటే వాళ్ల కొంగులు సర్దింది. గుండె రాయి చేసుకుందని అందరూ అన్నారు. నాకైతే భయమేసింది. ఏడ్చేవాళ్లను ఓదార్చడం తెలుసు, ఏడవని మనిషిని ఏం చేయాలో తెలియదు.

వాళ్లకు పిల్లలు లేరు. కర్మ చేసేది మరిది జగన్. పదకొండో దినాన పంతులుకు ఇవ్వాల్సిన దానాల సెట్టు ఎనిమిదో రోజే పూజ సామాన్ల దుకాణం నుంచి తెచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో జానెడు గొడుగు, బుడ్డి చెంబు, పసుప్పచ్చ చెప్పులు. చెప్పులు ఐదేళ్ల పిల్లవాడికి సరిపోతాయేమో. అప్పటిదాకా దేన్నీ చూడని శోభ వాటిని చూసింది. చేతిలోకి తీసుకుని అరచేతితో కొలిచింది.

"ఇవి ఎవలకు?"

ఇవి పంతులుకిస్తే అన్నకు చేరుతాయనీ, పేరుకేననీ, అందరూ ఇవే ఇస్తారనీ జగన్ చెప్పాడు. ఆయనది పదో నంబరు అంది శోభ. తర్వాత పంతులుకు ఫోన్ చేసి ఆ దారి ఎట్లుంటదని అడిగింది. కాలే ఇసుక, చెట్టు నీడ ఉండదు, ఏడాది నడక, నడుమ వైతరణి నది అని ఆయన చదువుకున్నది చదువుకున్నట్టు చెప్పాడు. ఆమె జాగ్రత్తగా వింది. బూట్లు కొంటానంటే జగన్ పెళ్లాం ఊరుకుంటుందా, చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు, బతికున్నప్పుడు కొనలేదు గానీ ఇప్పుడు కొంటుందట అంది.

"అవ్, కొనలే," అంది శోభ. అందులో కోపం లేదు, ఏమీ లేదు.

బజారులో నసీరుద్దీన్‌ది ముప్పై ఏళ్ల నాటి బూట్ల దుకాణం. శోభ ఎండలో చాలా దూరం నడిచే మనిషికి, చెమట కాళ్లకు, పదో నంబరు బూట్లు కావాలంది. ఆయన మంచి బేరమే అనుకున్నట్టున్నాడు, మనిషిని సాయంత్రం తీసుకురమ్మన్నాడు. నడిచి నడిచి పాదం ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మీద చూస్తేనే కొలత కుదురుతుందట. రాడని శోభ చెప్పింది. చెమట ఎక్కువనా అని అడిగాడు.

"మస్తు. పోయిన్నాడు స్నానం చేపిచ్చేటప్పుడు కాళ్లు ఒట్టి పొడిగున్నయ్. తుడిస్తే బట్టకు తడి అంటలే," అంది శోభ. "పదకొండొద్దులకు దానమియ్యాలె. ఏడాది నడవాలంట."

నేను తల దించుకున్నాను. నసీరుద్దీన్ నవ్వుతాడేమో అనుకున్నాను. ఆయన చేతిలో ఉన్న బూటు పెట్టెలో పెట్టేసి, నిచ్చెన వేసుకుని పై అరలోంచి వేరేవి దించాడు.

నల్లవి ఎండను గుంజుతాయని పక్కన పెట్టాడు. బూడిద రంగు జత తీసి లోపల చెయ్యి పెట్టి ట్యూబులైటుకు ఎత్తి చూపించాడు, జాలీలోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపించింది. అడుగు మందంగా ఉందో లేదో గోరుతో నొక్కి చూశాడు. నూలు సాక్సులు తడిని పట్టుకుని విడవవు, వద్దన్నాడు. పల్చటి ఉన్నివి రెండు జతలు తీశాడు, ఒకటి కాలికి, ఒకటి ఆరబెట్టుకోవడానికి. అప్పుడు శోభ నది సంగతి చెప్పింది. నీళ్లు రానివ్వని బూట్లు వేరే ఉంటాయి కదా, అవి మేలేమో అని అడిగింది. నాకు అది తట్టనే లేదు.

ఆయన ఆలోచించి జవాబు చెప్పాడు. "వద్దు బిడ్డా. గవి బయటి నీళ్లు రానియ్యవు, లోపలి చెమట పోనియ్యవు. పైనుంచి లోపలికి నీళ్లు పోతే ఇగ గంతే, దినమంత తడిలనే నడవాలె. నది ఒక్కపూట. ఎండ ఏడాది. జాలీదైతే తడిసినా నడుస్తుంటే ఆరిపోతది."

శోభ తలూపింది. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె ఒక మాట విని ఒప్పుకోవడం అదే చూశాను. పదో నంబరు పాదానికి బొటనవేలి ముందు వేలెడు జాగా మిగిలేలా లెక్క చూసి ఆయన జత కట్టి ఇచ్చాడు.

పదకొండో దినం ఊరి బయట బోరు దగ్గర చేశారు. పంతులు పొట్టి మనిషి, ఆరో నంబరు పాదం. బూట్లు చూసి తెల్లబోయాడు. వేసుకుని నాలుగడుగులు వేస్తేనే దానం చేరుతుందని చెప్పింది ఆయనే కనుక తప్పించుకోలేకపోయాడు. శోభ కింద కూర్చుని ఆయనకు సాక్సులు తొడిగి, తాళ్లు గట్టిగా లాగి కట్టింది. మిట్టమధ్యాహ్నం. పంతులు మడమలు జారుతుంటే టపటపలాడిస్తూ నాలుగడుగులు వేసి ఆగాడు. ఆమె ఇంకా నడవమంది. కంచె దాకా పోయి రమ్మంది. జగన్ విసుక్కున్నాడు గానీ, పాపం ఆ ముసలాయన నడిచాడు. పోయి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు, ముఖమంతా చెమట.

"లోపల ఎట్లున్నది అయ్యగారు?"

ఆయన వేళ్లు కదిలించి చూసుకున్నట్టున్నాడు. "గాలి ఆడుతున్నదమ్మా," అన్నాడు.

శోభ వంగి ఆ బూట్ల మీద రెండు చేతులూ పెట్టింది. ఆయన ముఖం చూడలేదు.

"ఇగ పో," అంది. "ఎండల యాడా ఆగకు."

ఆమె లేచేదాకా పంతులు కాళ్లు కదపలేదు.