దవాఖాన వరండాలో యముడి డ్యూటీ

పోయిన సంవత్సరం మా స్టేషన్ ప్రజలకు విపరీతంగా సేవ చేసింది. ప్రజలు కూడా చాలావరకు ఓర్చుకున్నారు.

మాది జమ్మికుంట దాటి కొంచెం దూరం పోతే వచ్చే చిన్న టౌన్. నేను అక్కడ హెడ్ కానిస్టేబుల్‌ని. కొత్తగా వచ్చిన ఎస్సై సారు వయసులో చిన్నవాడు, ఉత్సాహం ఎక్కువ. పోలీసులంటే జనం భయపడకూడదు, దగ్గరికి రావాలి అనేది ఆయన పట్టుదల. దాంతో ఏడాది పొడవునా ఏదో ఒక కార్యక్రమం. రక్తదాన శిబిరం పెట్టాం. అందరికంటే ముందు పడుకున్న నేను సూది చూసి కళ్లు తిరిగి పడిపోయాను. దాతల కోసం తెచ్చిన పండ్లరసంలో మొదటి గ్లాసు ఒక్క చుక్క రక్తం ఇవ్వకుండానే నాకు దక్కింది. బడి పిల్లలకు 'మా పోలీసు' అని బొమ్మల పోటీ పెట్టాం. అన్ని బొమ్మల్లోనూ లాఠీ ఉంది, పొట్ట ఉంది. మొదటి బహుమతి వచ్చిన బొమ్మలో పొట్ట నాదేనని స్టేషనంతా ఏకగ్రీవంగా తేల్చింది. ఊరూరా తిరిగి, ఫోన్లో ఎవరడిగినా ఏ నంబరూ చెప్పొద్దని మైకులో చెప్పాం. ఒక ఊళ్లో ఓ పెద్దాయన లేచి, "మీరడిగినా చెప్పొద్దా సార్?" అన్నాడు. చెప్పొద్దన్నాను. "అయితే ఇందాక నా పేరడిగిండ్రు గదా, అది గూడ చెప్పకపోదును" అని కూర్చున్నాడు.

ఇక హెల్మెట్ల వంతు వచ్చింది. జరిమానాలకు లొంగని జనం యముడికి లొంగుతారని సారు ఆలోచన. యముడి వేషంలో ఒకరు చౌరస్తాలో నిలబడి, హెల్మెట్ లేనివాళ్లను ఆపి, "రా, పోదాం" అని పిలవాలి. పొట్ట, గొంతు రెండూ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. కరీంనగర్‌లో నాటకాల సామాను కిరాయికిచ్చే దుకాణం నుంచి కిరీటం, నల్ల మఖమల్ అంగీ, చెవులదాకా పాకే మీసాలు, స్పాంజి గద వచ్చాయి. దున్నపోతును కూడా తెచ్చాం. అది నడిరోడ్డు మీద పడుకుని, బస్సులు ఆగిపోయి, దాన్ని లేపడానికి యముడితో సహా మొత్తం స్టేషన్ తోయాల్సి వచ్చింది. మర్నాటి నుంచి యముడు కాలినడకనే వచ్చాడు.

నిజం చెప్పాలంటే, నాకు ఆ వేషం తలకెక్కింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను కనబడితే జనం చూపు తిప్పుకునేవాళ్లు. ఇప్పుడు నన్ను చూడ్డానికి బండ్లు ఆపుతున్నారు. ఒక పిలగాడు నా మాటలను ఫోన్లో తీసి పెడితే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. టీ కొట్టు దగ్గర నన్ను 'యముడన్నా' అని పిలుస్తున్నారు. ఒకరోజు కిరీటం నలిగిపోతుందని దాన్ని నెత్తినే పెట్టుకుని, హెల్మెట్ లేకుండా, బండి మీద ఇంటికి పోయాను. పక్కింటి పోరగాళ్లు చూసి కేకలు పెడుతుంటే చేయి ఊపాను కూడా. హెల్మెట్ల సంగతి నేనే మరిచిపోయాను. నాకు కావలసింది నవ్వులు.

అలాంటి ఒక ఉదయం చౌరస్తాలో మంది బాగా గుమిగూడారు. ఫోన్లు లేచి ఉన్నాయి. ఒక ఆటో వచ్చింది. ఆటోవాడికి హెల్మెట్‌తో పని లేదు, నాకు ఆటోతో పని లేదు. కానీ వెనక సీట్లో ఒక ముసలవ్వ, పక్కన ఆమె కోడలు కూర్చున్నారు. అవ్వ ఒళ్లో దవాఖానవాళ్లిచ్చే పెద్ద ఎక్స్‌రే కవరు ఉంది. గద అడ్డం పెట్టి ఆటో ఆపాను. తల లోపలికి పెట్టి, గొంతు పెంచి అడిగాను.

"ఏడికే అవ్వా, ప్రయాణం?"

"కరీంనగర్ దవాఖానకు" అంది ఆమె, చిన్నగా.

"మంచిగైంది! నేను గూడ ఆడికే వస్తున్న. నువ్వు ముంగట నడువు, నేను ఎనుకనే వస్త!"

చౌరస్తా అంతా నవ్వింది. నేను మీసం దువ్వి, తర్వాతి బండి వైపు తిరిగాను. ఆటో కరీంనగర్ వైపు పోకుండా వెనక్కి మళ్లడం నేను చూడలేదు.

సాయంత్రం నా భార్య ఆ వీడియో చూసింది. మామూలుగా పడీపడీ నవ్వేది, ఈసారి నవ్వలేదు.

"ఆ ముసలామె ఒళ్లె దవాఖాన కవరున్నది గదా" అంది.

"నేను చూడలే" అన్నాను.

మర్నాడు ఆ కోడలు స్టేషన్‌కు వచ్చింది. నేరుగా సారు బల్ల దగ్గరికి పోయి, ఫోన్ ఆయన ముందు పెట్టి వీడియో నడిపింది.

"గీ యముడు ఎవరు సార్?"

సారు గర్వంగా నావైపు చేయి చూపాడు. "మావోడేనమ్మా. బాగ చేసిండు గదా?"

"మస్తు జేసిండు. మా అత్త ఆపరేషన్ బందైంది."

సారు ముఖంలో నవ్వు ఎటుపోవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడింది. ఆమె ఆగలేదు. "మా అత్త పిత్తం సంచిల రాళ్లున్నయి. వాచింది, గీ వారంల తియ్యకపోతే లోపల్నే పగిలి పానం మీదికి వస్తదని డాక్టర్ చెప్పిండు. బతిమిలాడి బతిమిలాడి ఆటో ఎక్కిస్తి. గీయన మొకం చూసుడుతోనే ఇంటికి మర్రిపోదాం అన్నది. యముడే ఎదురొచ్చి దవాఖానకు రమ్మన్నంక ఎట్ల పోతనే అంటుంది. నొప్పితోటి మెలికలు తిరుగుతుంది గని గడప దాటుత లేదు. మా ఆయన దుబాయ్‌ల గీ వీడియో చూసి ముందుగాల మస్తు నవ్విండట. తర్వాత ఎర్కైంది, ఆటోల కూసున్నది వాళ్లమ్మనే అని. రాత్రంతా ఫోన్ల ఒక్కటే ఏడుసుడు."

"చూసుకోవద్దానయ్యా?" అన్నాడు సారు నాతో.

"కవరు కనబడలేదు సార్" అన్నాను. అదే అబద్ధం, రెండోసారి.

"పో. మాఫీ అడుగు. ఆమెను దవాఖానకు తోల్కపోయే పూచీ నీది."

వాళ్ల ఊరు టౌన్‌కు దగ్గరే. కోడలి వెంటే మామూలు బట్టల్లో పోయాను. అవ్వ మంచం మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. కోడలు నన్ను చూపించి, గీయనే గా యముడు అని చెప్పింది. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గీ పొట్టోడా?"

"నేనే అవ్వా. పోలీసును. అది యేషం."

"గా యముడు దర్వాజంత ఉండె. మీసాలు మూరెడు మూరెడు. నువ్వు పోలీసువైతే అయితవు గని, అబద్దం ఎందుకాడుతున్నవు కొడుకా? మా కోడలు తోల్కొచ్చిందా నిన్ను?"

ఎంత చెప్పినా నమ్మలేదు. వీడియో చూపిస్తే కళ్లు మూసుకుంది. నా మీద నాకే నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ఆ వేషం అంత బాగా కట్టినందుకు స్టేషన్‌లో నాకు శాలువా కూడా కప్పారు.

స్టేషన్‌కు వచ్చి వేషం సామాను సంచిలో పెట్టుకున్నాను. సారు చూసి, "ఫోటోలకు ఎవరినన్న పంపాల్నా?" అన్నాడు. వద్దన్నాను. ఆ ఏడాదిలో మా సేవ ఫోటో లేకుండా జరగడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఈసారి అవ్వ మంచం ముందే కూర్చుని వేషం కట్టాను. ముఖానికి రంగు, తర్వాత అంగీ, తర్వాత మీసాలు. ఇరుగుపొరుగు వాకిట్లో నిండారు. ఒకామె అద్దం పట్టింది. అవ్వ లేచి కూర్చుని, ఒక్కొక్కటీ ఎక్కడికి పోతుందో కన్నార్పకుండా చూసింది. కిరీటం పెట్టుకుని నిలబడేసరికి ఒక్క క్షణం వెనక్కి జరిగింది. తర్వాత చేయి చాపి నా మీసం పట్టుకుని లాగింది. ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

"ఓరి నీ తెలివి సల్లగుండ! గింతేనా!" అని నవ్వింది. నవ్వితే నొప్పి లేచి, డొక్క పట్టుకుంది. వాకిట్లో అందరూ నవ్వారు. అయిపోయిందనుకుని నేను కిరీటం తీయబోయాను.

"ఆగు" అంది అవ్వ. "యేషం నీదే, ఒప్పుకున్న. మరి గా మాట ఎవలది? నేను దవాఖానకు పోతున్ననని నీకెట్ల తెలుసు? ఆటోల గింత మంది పోతరు, వాళ్లనెవ్వల్నీ ఆపవైతివి. నన్నే ఎందుకు ఆపినవు? నీ నోట్లకెల్లి ఎవలో పలికిచ్చిండ్రు కొడుకా."

స్టేషన్‌లో మేమైనా ఇంత సూటిగా అడగం. మూడోసారి అదే అబద్ధం ఆడితే సరిపోయేది కాదు; చూడలేదంటే, ఆ మాట నిజంగా యముడిదే అయిపోతుంది.

"ఎవ్వలు పలికియ్యలే అవ్వా. నీ ఒళ్లె కవరు చూసిన. చూసినంకనే ఆటో ఆపిన. దవాఖానకు పోయేదాన్ని పట్టుకుంటే మంది ఎక్కువ నవ్వుతరని ఆపిన."

అద్దం పట్టిన ఆమె అద్దం దించేసింది. కోడలు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. ఒంటి మీసంతో, మఖమల్ అంగీలో చెమటలు కక్కుతూ నిలబడ్డాను. అంతకంటే తగిన వేషం నాకు ఎప్పుడూ లేదు.

అవ్వ చేతిలోని మీసాన్ని తిప్పి చూసింది. "నవ్విండ్రా మరి?" అంది.

"మస్తు నవ్విండ్రు."

"ఊఁ. అయితే గా మాట వాపస్ తీస్కో. గీ బట్టల మీదనే తీస్కో."

తీసుకున్నాను. నీ వెనక రాను అవ్వా, తప్పైంది అని గట్టిగా, వాకిలంతా వినేలా చెప్పాను.

"ఇగ ఆపరేషన్ల నాకేం గాదని మాటియ్యి."

అది మాత్రం నోట్లోంచి రాలేదు. చౌరస్తాలో ఎన్నిసార్లు ఎంతమంది ప్రాణాలు తీసుకుపోతానని అరిచానో లెక్కలేదు. ఒక్క ప్రాణానికి భరోసా ఇచ్చే అధికారం నాకు లేదు. "నేను పోలీసును అవ్వా. అది డాక్టర్‌కెర్క. నాకు తెల్వది."

"గిప్పుడు నిజం మాట్లాడినవు" అంది అవ్వ. మీసం నా చేతిలో పెట్టింది. "సరే, పోదాం. కాని ఒకటి. నన్ను కోసినంతసేపు నువ్వు గా గది ముంగట కూసోవాలె."

"కూసుంట అవ్వా."

"ఉత్తగ కాదు, గీ యేషంల. అసలోడు వస్తే, నిన్ను జూసి, ఇక్కడ మనోడు ఒకడు డ్యూటీల ఉన్నడు గదా అని మర్రిపోతడు. పోలీసోళ్ల లెక్కనే ఉంటది ఆడ గూడ. మా మేక పోయిందని వస్తే, అది మా స్టేషన్ కిందికి రాదు, పక్క స్టేషన్‌కు పో అంటిరి గదా. ఒకని జాగల ఇంకొకడు చెయ్యి పెట్టడు."

కిరీటం, మీసాలు సంచిలో సర్దుకుని ఆటో పిలిచాను.

కరీంనగర్ దవాఖానలో సంచి విప్పి చూపించగానే నర్సమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "యముడా? ఆపరేషన్ థియేటర్ ముంగటా? ఇక్కడ పేషెంట్లున్నరయ్యా! నా నౌకరి ఉండాల్నా పోవాల్నా?" చివరికి మధ్యేమార్గం కుదిరింది. మామూలు బట్టల్లో బెంచీ మీద కూర్చోవచ్చు, కిరీటం తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకోవచ్చు. అవ్వను లోపలికి తోసుకుపోతుంటే, "ఏది, సూపియ్యి" అంది. తువ్వాల అంచు లేపి, కిరీటం తళుకు కొంచెం చూపించాను. "కరీంనగర్ గుట్టల రాళ్లు సాలక నా కడుపుల గూడ తవ్వుతున్నరు" అని నర్సమ్మతో చెబుతూ లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

కోడలు బెంచీకి ఆ చివర, నేను ఈ చివర. దుబాయ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె నావైపు చూడకుండానే మాట్లాడింది. "ఆఁ, తోల్కపోయిండ్రు... ఉన్నడు, యముడు పక్కన్నే ఉన్నడు... ఏం చేస్తడు, చాయ్ తాగుతుండు." నేను గ్లాసు కింద పెట్టేశాను.

తొందరగా అయిపోతుందన్నారు, కాలేదు. లోపలికి ఒక డాక్టర్ పరుగులాంటి నడకతో పోయాడు. ఏమైందని అడిగితే, వాపు బాగా ఉంది, టైం పడుతుంది అని మాత్రం చెప్పి నర్సమ్మ కూడా లోపలికి పోయింది. ఆ తలుపును చూస్తూ, చౌరస్తాలో నేనన్న మాటను ఎన్నిసార్లు నమిలానో. ఆటో ఆపకపోతే ఆమె ఎప్పుడో వచ్చి పడుకునేది. వాపు ఇంత పెరిగేది కాదేమో. ఆ 'ఏమో' ఇప్పటికీ నాతోనే ఉంది.

కోడలు మెల్లగా ఇటు జరిగింది. "అన్నా" అంది. అప్పటిదాకా ఆమె నన్ను ఏ వరుసతోనూ పిలవలేదు. "జర పెట్టుకోరాదా?"

ఏది అని అడగలేదు. తువ్వాల విప్పి కిరీటం పెట్టుకున్నాను. వరండాలో మనుషులు తిరుగుతూనే ఉన్నారు. ఎవరి పరేషాన్‌లో వాళ్లున్నారు, ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వుతారేమోనని నేనూ చూడలేదు. నిటారుగా కూర్చుని తలుపు వైపే చూశాను.

తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ మీద అవ్వను బయటికి తెచ్చారు. బాగానే అయిందని డాక్టర్ కోడలితో చెబుతున్నాడు. నన్ను చూసి మధ్యలో మాట ఆపి, తల విదిల్చి, మళ్లీ మొదలుపెట్టాడు. అవ్వ కళ్లు సగం తెరుచుకున్నాయి. పెదాలు కదిలాయి. నేను వంగాను.

"వచ్చిండా?" అంది.

"రాలే అవ్వా."

"మంచిగ చూసినవా?"

"మంచిగ చూసిన. ఎవ్వలు రాలే."

"మరి నెత్తిమీద గదేంది ఇంక? తియ్యి" అని కళ్లు మూసుకుంది.