గాలి మళ్ళిందని చెప్పిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొగ వచ్చే పని ఏదైనా సరే, నన్ను దూరంగా పంపించాకే మొదలయ్యేది. నాకు ఉబ్బసం. మా ఊరు కలిదిండి అవతల, కొల్లేటి పక్కన. బడికి వెళ్ళాలంటే పడవలో దాటాలి. ఆ తేమకు దారిలో ఆయాసం వస్తే ఎవరు చూస్తారని మా అమ్మ నాకు ఇంట్లోనే చదువు చెప్పింది. ఊళ్ళో నన్ను ‘పొగ పిల్ల’ అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. ఎక్కడైనా గడ్డి తగలబెడితే అందరికంటే ముందు అరిచేది నేనే. ఒక్కోసారి పొద్దుటి మంచును చూసి కూడా పొగే అనుకుని అరిచేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. చేపల చెరువుల చుట్టూ నీళ్ళు పేరుకున్నాయి. ఆ నీళ్ళన్నీ ఉప్పుటేట్లోకి పోవలసిన తూము తలుపు మాత్రం తెరుచుకోవడం లేదు. లోపల ఒక తాటి మొద్దు వచ్చి గాడిలో ఇరుక్కుపోయింది. తూము తెరుచుకోకపోతే గట్లు తెగి, చేపలన్నీ వరద పాలవుతాయి. అన్నిటికంటే పల్లంలో ఉన్న చెరువు మా నాన్నదే.

నీళ్ళ అడుగున పనిచేసే అన్నదమ్ములిద్దరిని కాకినాడ వైపు నుంచి పిలిపించారు. తమ్ముడు నీళ్ళలోకి దిగుతాడు. అన్న గట్టు మీద ఉండి సిలిండర్లలో గాలి నింపుతాడు. మా ఊరికి వ్యాను వచ్చే దారి లేదు కాబట్టి గాలి నింపే చిన్న కంప్రెసరును కూడా పడవలోనే తెచ్చుకున్నారు. ఇద్దరు మనుషులు మోయగలిగే పెట్రోలు ఇంజను అది. తెచ్చిన సిలిండర్లు మొద్దును సగం కోసేసరికే ఖాళీ అయ్యాయి. ఇంకొక్కటి నింపితే పని పూర్తవుతుందన్నారు.

నేను దూరంగా నిలబడి చూస్తున్నాను. గాలి నింపే ఆ అన్న, వయసులో పెద్దాయన, నన్ను పిలిచి, “ఏమ్మా, నాకో ఉద్యోగి కావాలి, చేస్తావా?” అన్నాడు.

మా నాన్న కంగారుపడి, “దానికి పొగ పడదండీ” అన్నాడు.

“పడనివాళ్ళే కావాలండీ నాకు. పడేవాళ్ళకి పొగ వచ్చినా తెలీదు.”

ఇంజను పొగ ఒకవైపు పోతోంది. రెండోవైపు, గాలి వచ్చే దిక్కున, ఒక పొడవాటి గొట్టాన్ని వెదురు గెడకు ఎత్తుగా కట్టాడు. కంప్రెసరు దాంతోనే గాలి పీలుస్తుందట. “ఇది పీల్చిందే సిలిండర్లోకి పోతుంది, సిలిండర్లో ఉన్నదే అడుగున మా తమ్ముడు పీలుస్తాడు” అని చెప్పాడు. గెడ చివర ఒక రిబ్బను కట్టి, గాలి మళ్ళి పొగ గొట్టం వైపు వస్తే వెంటనే కేకెయ్యమన్నాడు. నన్ను గొట్టానికి అవతల, మంచి గాలి తగిలే చోట కూర్చోబెట్టాడు. అంతవరకూ నాకు ఎవరూ ఏ పనీ అప్పజెప్పలేదు. రెప్ప వేస్తే ఉద్యోగం పోతుందన్నట్టు కూర్చున్నాను.

సిలిండరు నిండబోతుండగా మా చెరువు వైపు నుంచి కేకలు వినిపించాయి. గట్టు మూల జారుతోందట. ఆ పెద్దాయనతో సహా అందరూ అటు నడిచారు. అప్పుడే రిబ్బను వాలిపోయి, ఒక్కసారిగా నా వైపు తిరిగింది. పొగ వచ్చి గొట్టం మూతిని కమ్మేసింది, అక్కడి నుంచి నా మీదికి వచ్చింది. కేకేద్దామంటే దగ్గు తప్ప గొంతు రాలేదు. పరుగెత్తుకెళ్ళి ఆయన చొక్కా పట్టుకుని లాగాను. తీరా అందరూ వచ్చి చూసేసరికి రిబ్బను బుద్ధిగా మునుపటిలాగే ఎగురుతోంది.

మా పక్క చెరువాయన ఉన్నారు, నేను మావయ్యా అని పిలిచేదాన్ని. ఆయన నవ్వి, “దీని మాట పట్టించుకోకండి బాబూ. మంచు పడినా పొగే అంటాదండీ ఇది” అన్నారు. అందరూ నవ్వారు. “సిలిండరు నిండిందిగా, పంపించెయ్యండి. అవతల మా చెరువులు పోతన్నాయి!”

ఆ పెద్దాయన నవ్వలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, నా మొహంలోకి చూస్తూ, “గాలి మళ్ళిందా అమ్మా?” అని అడిగాడు. తల ఊపాను. “గొట్టం దాకా వచ్చిందా?” మళ్ళీ ఊపాను.

ఆయన లేచి ఇంజను ఆపి, సిలిండరు మర తిప్పేశాడు. అంతసేపు నింపిన గాలంతా బుస్సుమని బయటికి పోయింది. గట్టంతా గగ్గోలు పెట్టింది. నేను మా నాన్న వైపు చూశాను. ఆయన భుజం మీద మట్టి బస్తా ఉంది. కళ్ళెదుట జారుతున్న గట్టు ఆయనదే. ఆలస్యం తెచ్చింది ఆయన కూతురు. నాన్న బస్తా దించి గట్టు వైపు ఒకసారి చూశాడు. తరవాత, “మా అమ్మాయి చూసిందండీ. రండి, ఈలోపు గట్టు పని చూద్దాం” అని బస్తా తీసుకుని వెళ్ళిపోయాడు.

సిలిండరు మళ్ళీ నిండేదాకా నేను రిబ్బను మీద నుంచి చూపు తిప్పలేదు. ఈలోగా మా గట్టు మూల తెగనే తెగింది. బస్తాలు వేసి ఆపేలోగా కొన్ని చేపలు పోయాయి. చివరికి తమ్ముడు దిగి మొద్దు కోశాడు. అది బుడుంగున పైకి తేలింది, తూము తెరుచుకుంది. నీళ్ళు పోతున్న హోరులో గట్టు మీద వాళ్ళ అరుపులు కూడా వినిపించలేదు. మా చెరువు చాలావరకు దక్కింది.

వాళ్ళు సామాను పడవలోకి ఎక్కిస్తుంటే నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ఆ గాలి నిజంగా పాడైందా అని అడిగాను.

“తెలీదమ్మా. ఇంజను పొగలో ఒక విషం ఉంటాది. దానికి వాసనుండదు, రంగుండదు. తెలీని గాలి తమ్ముడి నోటికి ఎలా ఇస్తాను?” అన్నాడు.

సాయంత్రం మావయ్య ఒక బొచ్చె చేప పట్టుకొచ్చి మా అరుగు మీద పెట్టారు. “మీ చెరువులోదే, మా వైపు వచ్చేసింది. మీ ఉద్యోగికి పులుసు పెట్టండి” అన్నారు. నాన్న ఆ మాటకు పడీపడీ నవ్వి, ఆ తరవాత ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు. పోయిన చేపల ఊసు మాత్రం నా ఎదుట ఎన్నడూ ఎత్తలేదు.

ఆ అన్నదమ్ముల పేర్లు నాకు తెలియవు. దీపం పెట్టినప్పుడు పేర్లు లేకుండానే వాళ్ళను తలుచుకుంటాను, పక్కనే మా నాన్ననూ తలుచుకుంటాను. దేవుడు నా ఊపిరితిత్తులకు తక్కువ చేసినా, నన్ను నమ్మే మనుషుల విషయంలో ఏ లోటూ చేయలేదు. ఇప్పుడు నా పిల్లలు ఏదో చూశామంటూ పరుగెత్తుకొస్తారు, సరిగ్గా నాకు ఊపిరాడనంత పని ఉన్నప్పుడే. చేతిలోది ఆపి, వాళ్ళ ముందు గొంతుక్కూర్చుని, మొహంలోకి చూసి అడుగుతాను. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. అయినా లేచి వెళ్ళి చూసి వస్తాను.